ఏ జెండా ఎక్కడ, ఎంత ఎత్తున: జాతీయ, ప్రాంతీయ పతాకాల మర్యాద

2015 జూన్ 17 రాత్రి అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్ నగరంలో, నల్లజాతివాళ్ల చర్చి ఒకదానిలో ప్రార్థనకు చేరిన తొమ్మిది మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో ఆ చర్చి పాస్టర్ క్లెమెంటా పింక్నీ ఒకరు. ఆయన రాష్ట్ర సెనేటర్ కూడా. ఆ రాష్ట్ర రాజధాని కొలంబియాలో శాసనసభ భవనం గుమ్మటం మీద ఎగురుతున్న రెండు జెండాలనూ, అంటే దేశం జెండానూ రాష్ట్రం జెండానూ, సంతాపంగా సగానికి దించారు. అదే ఆవరణలో మూడో జెండా ఒకటి ఉండేది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి 1860లలో దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యం జెండా అది. అది మాత్రం కర్ర చివరనే రెపరెపలాడుతూ ఉండిపోయింది.

ఎందుకు దించలేదంటే రెండు కారణాలు. 2000లో చేసిన చట్టం ప్రకారం దాన్ని కదపాలంటే ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. రెండో కారణం ఇంకా చిన్నది: ఆ కర్రకు గిలక లేదు. జెండాను నేరుగా కర్రకే బిగించేశారు. ఉంటే పూర్తిగా పైన ఉండాలి, లేదంటే మొత్తం ఊడదీయాలి. సగానికి దించే వీలే లేదు. వారం తర్వాత పింక్నీ భౌతికకాయాన్ని శాసనసభ భవనంలో ఉంచినప్పుడు, కడసారి చూపు కోసం వచ్చినవాళ్ల కంట ఆ జెండా పడకుండా కిటికీకి నల్లగుడ్డ కట్టాల్సి వచ్చింది. చివరికి చట్టం మార్చి జులై 10న దాన్ని తీసేశారు.

జెండా మర్యాద అనగానే నేలకు తగలనివ్వకూడదు, చిరిగింది వాడకూడదు, మాసింది ఎగరేయకూడదు అన్న సంగతులే ముందు గుర్తొస్తాయి. అవీ ముఖ్యమే. కానీ గొడవలు వచ్చేది, ప్రాణాలు పోయేది గుడ్డ శుభ్రత దగ్గర కాదు. ఏ జెండా ఏ చోట ఉంది, పక్కదాని కంటే ఎత్తున ఉందా, ఏ రోజు ఎగిరింది, ఏ రోజు దిగింది అన్న ప్రశ్నల దగ్గర. జెండా మర్యాదలో సింహభాగం చోటుకు సంబంధించిన మర్యాదే. ఒక దేశానికీ ఇంకో దేశానికీ మధ్య, ఒక దేశానికీ దానిలోని ప్రాంతానికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో మాటల అవసరం లేకుండా చెప్పేది ఆ చోటే.

ఒకే కర్రకు రెండు జెండాలు కడితే

జెండా పుట్టిందే దూరం నుంచి గుర్తుపట్టడానికి. కురుక్షేత్రంలో అర్జునుడి రథం మీద కపిధ్వజం, భీష్ముడి రథం మీద తాళధ్వజం అన్నప్పుడు అది అలంకారం ఒక్కటే కాదు, దుమ్ములో ఎవరి రథం ఎటు వెళ్తోందో తెలియడానికి ఆనవాలు. సముద్రం మీద ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఎదురుగా వచ్చే ఓడ మిత్రుడిదా శత్రువుదా అన్నది దూరం నుంచే తేల్చుకోవాలి. నేటి జెండా నియమాల్లో చాలావాటికి మూలం ఓడల్లోనే ఉంది. జెండా దించేస్తే లొంగిపోయినట్టు. పట్టుబడిన ఓడ మీద గెలిచినవాళ్లు ఒకే స్తంభానికి తమ జెండా పైన, ఓడినవాళ్ల జెండా కింద కట్టేవాళ్లు. 1813లో బ్రిటిష్ ఓడ షానన్ అమెరికా ఓడ చెసపీక్‌ను పట్టుకుని హాలిఫాక్స్ రేవుకు తీసుకొచ్చిన దృశ్యం ఆనాటి చిత్రాల్లో సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది.

తెలుగులో "జెండా పాతేశారు" అంటే గెలిచి ఆ చోటు సొంతం చేసుకున్నారనే అర్థం. రెండు దేశాల జెండాలు ఒకే కర్రకు కట్టకూడదన్న నియమం వెనక ఉన్నది కూడా ఈ అర్థమే. పైన ఒకటి, కింద ఒకటి ఉంటే చూసేవాళ్లకు అది గెలుపోటముల లెక్కే. అందుకే శాంతికాలంలో ఏ దేశం జెండానూ మరో దేశం జెండా కంటే ఎత్తున ఎగరేయకూడదు, విడివిడి కర్రలు ఉండాలి, కర్రల ఎత్తు సమానంగా ఉండాలి, జెండాల సైజు ఇంచుమించు ఒకటే ఉండాలి అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న ఆచారం. అమెరికా జెండా నియమావళిలో ఇది రాసే ఉంది. మిగతా దేశాల నియమాల్లోనూ ఇదే మాట వేరే వాక్యాల్లో కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే జెండా మర్యాదలో ఇంతకంటే గొప్ప నియమం లేదు. సైన్యంలో, సంపదలో, జనాభాలో ఆకాశమంత తేడా ఉన్న రెండు దేశాలు ఒకేలా కనిపించే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఆ జెండా కర్రల వరస వాటిలో ఒకటి. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భవనం ముందు 193 సభ్యదేశాల జెండాలు ఇంగ్లిష్ అక్షరక్రమంలో, అఫ్ఘానిస్తాన్‌తో మొదలై జింబాబ్వేతో ముగుస్తాయి. అక్షరక్రమం అంటే ఎవరు పెద్ద అన్న ప్రశ్నే అడగని క్రమం. అక్కడా చిన్న చిక్కు వచ్చింది. స్విట్జర్లాండ్ జెండా చతురస్రం. 2002లో ఆ దేశం సభ్యత్వం తీసుకున్నప్పుడు, మిగతా జెండాల వైశాల్యాన్ని మించకుండా ఉంటే చతురస్రంగానే ఎగరేసుకోవచ్చని తేల్చారు. ఆకారం ఎవరిది వాళ్లదే, గుడ్డ మాత్రం ఒకరికి ఎక్కువ కాకూడదు. నేపాల్ జెండా అసలు దీర్ఘచతురస్రమే కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు త్రికోణాల రూపం. అయినా వరసలో దాని చోటు దానిదే.

ఈ సమానత్వం దక్కనప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే పనామా చూడాలి. 1903 ఒప్పందంతో పనామా కాలువకు రెండు పక్కలా ఉన్న భూమి అమెరికా అధీనంలోకి వెళ్లింది. తమ దేశం మధ్యలోనే వేరే దేశం జెండా ఎగరడం పనామా ప్రజలకు దశాబ్దాలపాటు ముల్లులా గుచ్చుకుంది. సైనిక స్థావరాలు కాని చోట్ల రెండు జెండాలూ పక్కపక్కన ఎగరాలని 1963లో అధ్యక్షుడు కెనెడీ ఒప్పుకున్నారు. స్థానికంగా ఉన్న అమెరికన్లకు ఇది మింగుడుపడలేదు. రాజీగా, పాఠశాలల ముందు ఏ జెండా వద్దని కాలువ ప్రాంతపు గవర్నర్ ఆదేశం ఇచ్చారు. బాల్బోవా హైస్కూల్లోని అమెరికన్ విద్యార్థులు దాన్ని లెక్కచేయకుండా తమ జెండా ఎగరేశారు. 1964 జనవరి 9న పనామా విద్యార్థులు సుమారు రెండు వందల మంది తమ పాఠశాల జెండాను పట్టుకుని అక్కడికి నడిచి వెళ్లారు. ఆ స్తంభం దగ్గర తమ జెండా కూడా చూపించి తమ జాతీయగీతం పాడాలన్నది వాళ్ల కోరిక. తోపులాటలో ఆ జెండా చిరిగింది. తర్వాతి రోజుల్లో జరిగిన అల్లర్లలో 20 మందికి పైగా పనామావాసులు, నలుగురు అమెరికన్ సైనికులు చనిపోయారు. పనామా అమెరికాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. కాలువను తిరిగి ఇచ్చేయడానికి 1977లో కుదిరిన ఒప్పందాలకు దారి ఇక్కడే మొదలైంది. ఆ దేశంలో జనవరి 9 ఇప్పటికీ అమరవీరుల దినం.

ఆ గవర్నర్ ఆదేశంలో ఉన్న పొరపాటు గమనించదగ్గది. రెండు జెండాలు ఉండాలన్న మాట ఇచ్చి, అమలు దగ్గరికి వచ్చేసరికి రెండూ వద్దు అనడం పైకి సమానంగానే కనిపిస్తుంది. కానీ అప్పటిదాకా ఒక జెండా మాత్రమే ఎగిరిన చోట, రెండోదాన్ని రానివ్వకుండా మొదటిదాన్ని దించడం ఎవరికీ న్యాయం చేయదు. ఒకరికి పోయినట్టుంటుంది, ఇంకొకరికి రానట్టుంటుంది.

కుడి అంటే ఎవరి కుడి?

ఎత్తు తర్వాత వచ్చేది పక్క. దాదాపు అన్ని దేశాల నియమాల్లోనూ గౌరవస్థానం కుడి వైపే. ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. కుడి అంటే చూసేవాళ్ల కుడి కాదు, జెండా కుడి. జెండా మనకు ఎదురుగా నిలబడిన మనిషి అనుకుంటే ఆ మనిషి కుడిచేయి ఎటు ఉంటుందో అటు, అంటే మనకు ఎడమ వైపు. వేదిక మీద మాట్లాడే మనిషి పక్కన జెండా పెట్టేటప్పుడు ఆ మనిషి కుడి వైపు పెట్టమనడం ఇందుకే. రెండు జెండా కర్రలను ఒకదాని మీదుగా ఒకటి దాటేలా గోడకు అమర్చితే గౌరవస్థానంలో ఉన్న జెండా మనకు ఎడమ వైపు కనిపించాలి, దాని కర్ర రెండోదాని కర్ర మీదుగా ముందుకు రావాలి.

మూడు జెండాలుంటే చాలా దేశాలు మధ్య చోటును గౌరవస్థానంగా తీసుకుంటాయి. కెనడాలో, స్పెయిన్‌లో అంతే.

నిలువుగా వేలాడదీయడం ఇంకో చిక్కు. అడ్డంగా ఉన్న జెండాను ఊరికే తొంభై డిగ్రీలు తిప్పి కట్టేస్తే చాలా జెండాలు తప్పు పడతాయి. అమెరికా జెండాను గోడకు నిలువుగా కడితే నక్షత్రాల భాగం చూసేవాళ్లకు ఎడమ వైపే రావాలి. అంటే జెండాను తిప్పడంతో సరిపోదు, వెనక్కి మళ్లించాలి కూడా. భారత పతాకాన్ని నిలువుగా కడితే కాషాయం జెండాకు కుడి వైపు, అంటే చూసేవాళ్లకు ఎడమ వైపు రావాలి. అక్షరాలు ఉన్న జెండాలతో ఈ పని ఇంకా కష్టం. సౌదీ అరేబియా జెండా మీద ఇస్లాం విశ్వాస వాక్యం ఉంటుంది. ఏ వైపు నుంచి చూసినా అది సరిగ్గా చదవడానికి వీలుగా రెండు గుడ్డలను వెనక్కి వెనక్కి కలిపి కుడతారు.

తలకిందులు కావడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1992లో అట్లాంటాలో అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ముందు అమెరికా మెరైన్ దళం కెనడా జెండాను తలకిందులుగా పట్టుకొచ్చింది. మేపుల్ ఆకు కాడ పైకి ఉంది. కెనడావాళ్లకు ఎంత మండిపోయిందో చెప్పనక్కర్లేదు. తర్వాతి మ్యాచ్ టొరంటోలో. అక్కడ మెరైన్లు మళ్లీ కెనడా జెండానే, ఈసారి సరిగ్గా పట్టుకుని నడిచారు, కెనడా పోలీసు దళం అమెరికా జెండా పట్టుకుంది. తప్పు దిద్దుకోవడానికి ఇంతకంటే చక్కని పద్ధతి ఉండదు. 2010లో న్యూయార్క్‌లో ఆగ్నేయాసియా దేశాల నేతలతో జరిగిన సమావేశంలో ఫిలిప్పీన్స్ జెండాను తలకిందులుగా పెట్టి అమెరికా క్షమాపణ చెప్పింది. అది మామూలు పొరపాటు కాదు, ఎందుకంటే ఆ దేశం చట్టం ప్రకారం నీలం బదులు ఎరుపు పైకి వచ్చిందంటే దేశం యుద్ధంలో ఉన్నట్టు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, గ్లాస్గోలో ఆడాల్సిన ఉత్తర కొరియా మహిళల ఫుట్‌బాల్ జట్టు ఫొటోల పక్కన తెర మీద దక్షిణ కొరియా జెండా వేశారు. క్రీడాకారిణులు మైదానం వదిలి వెళ్లిపోయారు. ఆట గంటకు పైగా ఆలస్యంగా మొదలైంది.

ఇంట్లో పెద్ద, ఇంట్లో చిన్న

దేశాల మధ్య సమానత్వం నియమమైతే, దేశం లోపల వరస నియమం. ముందు జాతీయ పతాకం, తర్వాత రాష్ట్రానిదో ప్రాంతానిదో, ఆ తర్వాత నగరానిది, చివర సంస్థలవి. ఒకే కర్రకు కట్టాల్సి వస్తే జాతీయ పతాకం పైన ఉంటుంది. దేశం లోపల ఇది ఓటమి గుర్తు కాదు కాబట్టి ఒప్పుకుంటారు. రాష్ట్రాల మధ్య వరస తేల్చడానికి అమెరికా, కెనడాలలో అవి దేశంలో చేరిన తేదీలు చూస్తారు.

కానీ ప్రతి ప్రాంతమూ దేశంలోకి ఒకేలా రాలేదు. కొన్ని ఇష్టపడి చేరాయి, కొన్నిటిని చేర్చేశారు. అందుకే ప్రాంతీయ జెండా దగ్గరికి వచ్చేసరికి వరస నియమం ఒక్కటే సరిపోదు. వేల్స్ సంగతే తీసుకుంటే, బ్రిటన్ యూనియన్ జెండాలో ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లండ్ శిలువలు ఉన్నాయి, వేల్స్ డ్రాగన్ లేదు. 1606లో తొలి జెండా చేసేటప్పటికే వేల్స్‌ను చట్టపరంగా ఇంగ్లండ్‌లో కలిపేసుకున్నారు కాబట్టి దానికి వేరే చోటు ఉండాలని ఎవరూ అనుకోలేదు. 1801లో జెండా మార్చినప్పుడూ అంతే. డ్రాగన్ జెండాకు అధికారిక గుర్తింపు 1959లో వచ్చింది. భారతదేశంలో జమ్మూ కశ్మీర్‌కు ఒక్కదానికే 2019 దాకా సొంత అధికారిక జెండా ఉండేది. 2018లో కర్ణాటక ప్రభుత్వం తన జెండా నమూనా ఒకటి తయారుచేసి ఆమోదం కోసం కేంద్రానికి పంపింది.

స్పెయిన్ ఈ విషయాన్ని రాజ్యాంగంలోనే పెట్టింది. ప్రాంతాలు తమ జెండాలను గుర్తించుకోవచ్చు, ప్రభుత్వ భవనాల మీద అవి స్పెయిన్ జెండాతో పాటు ఎగరాలి అని 1978 రాజ్యాంగం నాలుగో అధికరణం చెబుతుంది. స్పెయిన్ జెండాకే గౌరవస్థానం అని 1981 చట్టం వివరించింది. ఈ మాట ఎంత దూరం నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ రాజ్యాంగానికి రెండేళ్లు వెనక్కి, 1976కి వెళ్లాలి. నియంత ఫ్రాంకో పాలనలో బాస్క్ ప్రాంతపు జెండా ఇకురిన్యా నిషిద్ధం. ఫ్రాంకో చనిపోయి ఏడాది దాటినా నిషేధం పోలేదు. ఆ డిసెంబర్ 5న శాన్ సెబాస్టియన్‌లో రెండు బాస్క్ జట్లు, రియల్ సొసియెదాద్, అథ్లెటిక్ బిల్బావో, ఫుట్‌బాల్ ఆడాలి. ఒక ఆటగాడి సోదరి ఇంట్లో కుట్టిన జెండాను గుట్టుచప్పుడు కాకుండా మైదానంలోకి తెచ్చారు. రెండు జట్ల కెప్టెన్లు, కోర్తబర్రియా, ఇరిబార్, ఎదురెదురు జట్లవాళ్లే అయినా, దాని చెరో కొస పట్టుకుని మైదానం మధ్యలోకి నడిచారు. పోలీసులు అడ్డుపడలేదు. మరుసటి నెల, 1977 జనవరిలో, నిషేధం ఎత్తేశారు.

ప్రాంతీయ జెండా కథల్లో మనసుకు బాగా హత్తుకునేది మాత్రం ఫారో దీవులది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఈ చిన్న దీవులు డెన్మార్క్ పాలనలో ఉండేవి. 1919లో కోపెన్‌హాగన్‌లో చదువుకుంటున్న ఫారో విద్యార్థులు తెలుపు మీద నీలం అంచున్న ఎర్ర శిలువతో ఒక జెండా తయారుచేశారు. ఆ ఏడాది జూన్ 22న ఫామియిన్ అనే ఊళ్లో, ఒక పెళ్లి సందర్భంగా దాన్ని ఎగరేశారు. డెన్మార్క్ దాన్ని ఒప్పుకోలేదు. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. మూడు రోజుల తర్వాత బ్రిటన్ సేనలు ఫారో దీవుల్లో దిగాయి. ఇప్పుడు ఫారో చేపల పడవలు ఏ జెండాతో సముద్రంలోకి వెళ్లాలి? డెన్మార్క్ జెండా ఎగరేస్తే అది శత్రువు చేతిలో ఉన్న దేశం జెండా. ఏ జెండా లేకుండా వెళ్తే ఇంకా ప్రమాదం. ఫారో ఓడలు తమ జెండాతోనే తిరగవచ్చని ఏప్రిల్ 25న బీబీసీ రేడియోలో ప్రకటించారు. ఇరవై ఏళ్లుగా వాదించినా దక్కని గుర్తింపు, ఓడను దూరం నుంచి గుర్తుపట్టాల్సిన పాత అవసరం వల్ల దక్కింది. 1948 స్వపరిపాలన చట్టం దాన్ని ఖాయం చేసింది. ఏప్రిల్ 25 వాళ్ల జెండా పండుగ.

జెండా ఎగరేయడం కంటే ఎగురుతున్నదాన్ని తగ్గించడం ఎక్కువ గాయం చేస్తుందని ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ చెబుతుంది. అక్కడి సిటీ హాల్ మీద 1906 నుంచి ఏడాది పొడవునా యూనియన్ జెండా ఎగిరేది. ఐర్లండ్‌తో కలవాలనుకునే పక్షాలు దాన్ని పూర్తిగా తీసేయాలన్నాయి. బ్రిటన్‌తోనే ఉండాలనుకునే పక్షాలు రోజూ ఉండాలన్నాయి. 2012 డిసెంబర్ 3న కౌన్సిల్ మధ్యేమార్గంగా, నిర్దేశించిన కొద్ది రోజుల్లోనే ఎగరేయాలని తీర్మానించింది. ఆ ఏటి లెక్కలో అవి 18 రోజులు. బ్రిటన్‌లో చాలా ప్రభుత్వ భవనాలు అప్పటికే ఇలా కొన్ని రోజులే ఎగరేసేవి, కాబట్టి కాగితం మీద అది విపరీతమైన నిర్ణయమేమీ కాదు. అయినా ఆ రాత్రే మొదలైన నిరసనలు నెలల తరబడి సాగాయి. ఎప్పుడూ జెండా లేని చోట ఖాళీ కర్రను ఎవరూ పట్టించుకోరు. నిన్నటిదాకా జెండా ఉన్న చోట ఖాళీ కర్రే పెద్ద మాట అవుతుంది.

సిడ్నీలో దీనికి వేరే జవాబు దొరికింది. హార్బర్ బ్రిడ్జి శిఖరం మీద రెండే కర్రలు ఉన్నాయి. వాటి మీద ఆస్ట్రేలియా జెండా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర జెండా ఎగిరేవి. హెరాల్డ్ థామస్ 1971లో రూపొందించిన ఆదివాసుల జెండా ఏడాదిలో కొన్ని రోజులే అక్కడికి చేరేది. దాన్ని ఎప్పటికీ ఉంచాలని ఒప్పుకున్నాక, మూడో కర్ర నిలబెట్టడానికి 2.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు అవుతుందని రాష్ట్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. జనం మండిపడ్డారు. అంత ఖర్చు ఎందుకు, మన జెండానే పక్కకు జరుపుదాం అని ప్రభుత్వం మనసు మార్చుకుంది. 2022 జులై నుంచి రాష్ట్ర జెండా ఉన్న కర్ర మీద ఆదివాసుల జెండా ఎగురుతోంది. వరస నియమం ప్రకారం చూస్తే రాష్ట్ర జెండా తన చోటు వదులుకోనక్కర్లేదు. తానుగా వదులుకుంది కాబట్టే అది అందంగా ఉంది.

సగానికి దించడం

సంతాపానికి జెండాను అవనతం చేయడం కూడా ఓడల నుంచి వచ్చిందే. 1612లో హార్ట్స్ ఈజ్ అనే ఇంగ్లిష్ ఓడ తన కెప్టెన్‌ను పోగొట్టుకుని, జెండాను సగానికి దించి తిరిగి వచ్చిందని తరచూ చెబుతారు. కర్ర పైభాగం ఎందుకు ఖాళీ అంటే, కంటికి కనపడని మృత్యువు జెండా కోసం ఆ చోటు వదిలారని ఒక వివరణ ఉంది. నిజమో కాదో గానీ, చోటే మాట్లాడుతుందన్న సంగతి ఇంత బాగా చెప్పే వివరణ ఇంకోటి లేదు.

చేసే పద్ధతిలో ఒక మెలిక ఉంది. జెండాను నేరుగా సగం దాకా లాగి ఆపేయకూడదు. ముందు చివరిదాకా ఎత్తాలి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా సగానికి దించాలి. సాయంత్రం దించేటప్పుడూ అంతే, మళ్లీ పైదాకా ఎత్తి అప్పుడు దించాలి. పూర్తి గౌరవంతో మొదలై పూర్తి గౌరవంతో ముగియాలని. సగం అంటే కచ్చితంగా మధ్య అని అన్నిచోట్లా లేదు. బ్రిటన్‌లో మూడింట రెండు వంతుల ఎత్తు చాలంటారు. గాలి లేని రోజున కూడా ఇది ముడి జారిన జెండా కాదు, కావాలని దించిన జెండా అని తెలియాలి, అంతే.

ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నదే అసలు కష్టం. 1997లో ప్రిన్సెస్ డయానా చనిపోయినప్పుడు లండన్ అంతటా జెండాలు సగానికి దిగాయి, బకింగ్‌హామ్ ప్యాలెస్ కర్ర మాత్రం ఖాళీగా ఉంది. నియమం ప్రకారం అది సరైనదే. ఆ కర్ర మీద ఎగిరేది రాచ పతాకం మాత్రమే, అదీ రాణి లోపల ఉన్నప్పుడే. రాణి అప్పుడు స్కాట్లాండ్‌లో ఉన్నారు. పైగా రాచ పతాకం ఎన్నడూ అవనతం కాదు, సింహాసనం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు కాబట్టి. కానీ గేటు బయట పూలు పెట్టి ఏడుస్తున్న జనానికి ఈ లెక్క ఎక్కలేదు. అంత్యక్రియల రోజున, సెప్టెంబర్ 6న, యూనియన్ జెండాను అక్కడ సగం ఎత్తున ఎగరేశారు. అప్పటి నుంచి రాజు లేదా రాణి లేని రోజుల్లో ఆ కర్ర మీద యూనియన్ జెండా ఉంటోంది. సౌదీ జెండాకూ అవనతం లేదు, దాని మీద ఉన్నది దైవవాక్యం కాబట్టి.

కెనడా 2021లో ఇంకో ఇరకాటంలో పడింది. ఆదివాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన పాత వసతి పాఠశాల ఒకదాని దగ్గర గుర్తుల్లేని సమాధులు ఉన్నాయన్న వార్తతో మే 30న ప్రభుత్వ భవనాల జెండాలు దించారు. ఎప్పుడు ఎత్తాలో మాత్రం అనుకోలేదు. ఒక మనిషి చనిపోతే అంత్యక్రియలతో సంతాపం ముగుస్తుంది, ఈ దుఃఖం దేనితో ముగుస్తుంది? ఐదు నెలలు గడిచాయి. నవంబర్ 11 యుద్ధవీరుల సంస్మరణ దినం వచ్చింది. ఆ రోజు జెండాను దించాలి, అప్పటికే దిగి ఉన్న జెండాను ఎలా దించుతారు? ఆదివాసీ నాయకులతో మాట్లాడాక నవంబర్ 7 సాయంత్రం జెండాలు ఎత్తి, ఆదివాసీ సైనికుల స్మారక దినమైన 8న ఒకసారి, 11న మరోసారి దించారు. భారత నియమావళి ఇలాంటి ఢీకొనడాన్ని ముందే ఊహించింది. సంతాప దినం స్వాతంత్ర్య దినం రోజునో గణతంత్ర దినం రోజునో పడితే, పార్థివదేహం ఉన్న భవనం మీద తప్ప మరెక్కడా జెండా దించరు.

రాత్రి, చట్టం, పాతబడిన గుడ్డ

సూర్యాస్తమయానికి జెండా దించడం చాలా దేశాల అలవాటు. చీకట్లో జెండా కనపడదు, కనపడని జెండాకు అర్థం లేదు. వెలుగు వేస్తే రాత్రి కూడా ఉంచవచ్చని కొన్ని దేశాలు సడలించాయి. ఫిన్లాండ్‌లో ఏడాదికి ఒక్క రాత్రి జెండాలు దించరు. అది నడివేసవి పండుగ రాత్రి, సూర్యుడు సరిగా అస్తమించనే అస్తమించడు. భారతదేశంలో ఇళ్ల మీద రాత్రి కూడా ఎగరేయడానికి 2022లో అనుమతి వచ్చింది.

చట్టం ఎంతవరకు రావాలన్నదాని మీద దేశాలు ఒక్కో దారి పట్టాయి. 1942లో చట్టంగా మారిన అమెరికా జెండా నియమావళిలో మామూలు పౌరుడు పాటించకపోతే శిక్ష లేదు. జెండాను తగలబెట్టడం కూడా భావప్రకటనే అని 1989లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరో వైపుగా తీర్పు ఇచ్చింది. భారతదేశంలో 1971 చట్టం ప్రకారం జాతీయ పతాకాన్ని అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. అదే దేశంలో, పతాకాన్ని గౌరవంగా ఎగరేయడం పౌరుడి భావప్రకటన హక్కులో భాగమని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకచోట తగలబెట్టడానికి, ఒకచోట ఎగరేయడానికి ఒకే హక్కు ఆధారమైంది.

చిరిగిన, వెలిసిన జెండాను చెత్తలో వేయకూడదు, దుమ్ము తుడవడానికి వాడకూడదు. ఏకాంతంగా, మొత్తంగా, వీలైతే కాల్చివేయాలని భారత నియమావళి చెబుతుంది. మర్యాదగా, వీలైతే కాల్చివేయాలని అమెరికా నియమావళి చెబుతుంది. అన్నీ కాల్చరు. 1919లో ఆ పెళ్లి రోజున ఎగిరిన ఫారో జెండాను ఫామియిన్ చర్చిలోనే, గాజు వెనక భద్రపరిచారు. రంగు కాస్త వెలిసింది.